రేగడినేలకు పాత జీపు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములయందలి నల్లరేగడి వేసవిలో బీటలు వారును. వాన కురిసినచో ఉబ్బి, జిగటయై చక్రముల నంటుకొనును. ఇట్టి త్రోవలకై పాత జీపును బాగుచేయువారు తొలుత దాని యెత్తును పెంచగోరుదురు. ఎత్తు మితిమీరినచో బండి తిరుగబడు నపాయము హెచ్చును. కావున మొదట బ్రేకులను, స్టీరింగును, పిమ్మట కమానుపట్టీలను చక్కజేసి, తుదకు లోతైన గాడులుగల టైర్లను వేయవలెను.

మహీంద్రావారు బొంబాయిలో కూర్చనారంభించిన విల్లీస్ జీపున ఇంజను బలము నాలుగు చక్రములకును అందును. అయినను టైర్ల గాడులు బురదతో నిండినచో ఆ బలము వ్యర్థము. బురదలో టైరుగాలి కొంత తగ్గించినచో టైరు వెడల్పుగా నేలనానుకొని పట్టు హెచ్చును. రస్తా చేరగానే మరల గాలి నింపవలెను.

వానరాత్రి పల్లెనుండి రోగిని ఆదోనికి గొనివచ్చు బండి బురద దాటుటయే చాలదు, ఆపినచోట ఆగవలెను. విద్యార్థులారా, బ్రేకు పరీక్షింపక బలము కోరకుడని మేము చెప్పుచున్నాము.