కిందికి దించిన కారును పైకి లేపాలంటే

పెగడపల్లి చుట్టుపక్కల కొత్త బండి కొంటే చాలామంది కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయిస్తారు. ఆ తర్వాత కొందరు కుర్రాళ్లు స్ప్రింగులు మార్పించో, ఉన్నవాటినే కోయించో కారును నేలకు దగ్గర చేయిస్తారు. స్పీడ్ బ్రేకర్లు నిండిన మన దారుల్లో ఇదేం సరదానో నాకు అర్థం కాదు. కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది. అయినా అలాంటి కార్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటికీ పంక్చర్లు పడతాయి, బ్రేక్ ప్యాడ్లు అరుగుతాయి.

చిక్కంతా జాక్ దగ్గరే. మామూలు చిన్న కారు అడుగుకూ నేలకూ మధ్య సుమారు 165 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. 40 తగ్గిస్తే మిగిలేది 125. చవకగా దొరికే చిన్న ట్రాలీ జాక్ పూర్తిగా దించినా 130కి అటూ ఇటూ ఉంటుంది. ట్రాక్టరుకు పెట్టే బాటిల్ జాక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గాలి పోయిన టైరు బండిని ఇంకాస్త కుంగదీస్తుంది. అప్పుడు మనిషి జాక్ ఎక్కడ దూరితే అక్కడ పెడతాడు, ఆయిల్ చాంబర్ కిందో, ప్లాస్టిక్ స్కర్టు కిందో. అవి బరువు మోయడానికి చేసినవి కావు.

75 నుంచి 90 మిల్లీమీటర్ల ఎత్తుండే లో ప్రొఫైల్ జాక్ కొనడం ఒక దారి. లేదంటే రెండంగుళాల మందమున్న వెడల్పాటి చెక్కలు పరిచి, టైర్లను నెమ్మదిగా వాటి మీదికి ఎక్కించాలి. డోర్ల కింద అంచులో, చక్రాల పక్కన, రెండేసి గాట్లు కనిపిస్తాయి. జాక్ పెట్టాల్సింది ఆ రెండింటి మధ్యనే. చక్రం నట్లను మాత్రం బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసుకోవాలి.

ట్రాలీ జాక్ చేయి తిన్నగా పైకి లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకే లేపుతున్నంతసేపూ జాక్ తన చక్రాల మీద కొంచెం జరగాలి. నల్లరేగడి నేలలో ఆ చక్రాలు దిగబడిపోతాయి. జాక్ జరగనప్పుడు దాని తల అంచు మీద జారుతుంది, లేదా కారునే లాగుతుంది. మే నెల ఎండకు మెత్తబడిన తారు రోడ్డూ పనికిరాదు. సీసీ రోడ్డు మేలే కానీ, చాలాచోట్ల అది మోరీ వైపు వాలి ఉంటుంది. వాలు లేని సిమెంటు వాకిలి అన్నిటికన్నా మంచిది.

హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అన్న ధీమా ఒకటి ఉంటుంది. మన చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది, హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలను పడుతుంది. వెనక భాగమంతా లేపితే ఆ బ్రేకు గాలిలో తేలే చక్రాలనే పట్టుకుంటుంది. ముందు చక్రం ఒక్కటి లేపినా గేరు బండిని ఆపలేదు, ఎందుకంటే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఖాళీగా తిరుగుతుంది. కాబట్టి నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టాల్సిందే.

1851లో అమెరికాలో రిచర్డ్ డడ్జన్ హైడ్రాలిక్ జాక్‌కు పేటెంటు పొందాడు. నేటికీ సూత్రం అదే. కారు బరువును ఆపేది కాస్త నూనె, దాన్ని బయటికి పోనివ్వని చిన్న సీలు. ఆ సీలు ఎప్పుడు తెగుతుందో ముందుగా చెప్పదు. అందుకే లేపిన వెంటనే గట్టి అంచుల కింద జాక్ స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదికి దించాలి. ఇటుకలు వద్దు, అవి ఒక్కసారిగా పగులుతాయి. మన కరీంనగర్ గ్రానైటు ముక్క పగలకపోవచ్చు కానీ, నున్నటి రాయి మీద ఇనుము జారుతుంది. విప్పిన చక్రాన్ని కారు కిందికి తోసి ఉంచితే అదనపు రక్షణ. బండి కిందికి దూరే ముందు పక్క నుంచి రెండుసార్లు గట్టిగా ఊపి చూడాలి. కదిలితే మళ్లీ మొదటి నుంచి.

స్ప్రింగులు కోయించిన కారుకు ఇంకో జాగ్రత్త ఉంది. చక్రం వేలాడినప్పుడు పొట్టిదైన స్ప్రింగు వదులై గూట్లోంచి పక్కకు తొలగవచ్చు. దించేటప్పుడు ఆగి ఆగి దించుతూ, అది మళ్లీ సరిగ్గా కూర్చుందో లేదో టార్చి వేసి చూసుకోవాలి, చెయ్యి మాత్రం లోపల పెట్టకూడదు. నట్లను చివరిగా పానాతో బిగించేది చక్రం నేల తాకాకే.