వాలీబాల్ కోర్టు వేద్దాం రండి

పోయిన ఏడాది ఆటల పోటీలకు వెళ్లొచ్చాం కదా, మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం. మన హాస్టల్లో అందరికంటే గట్టిగా స్మాష్ కొట్టే అన్న కొట్టిన బంతులన్నీ అక్కడ నెట్టుకే తగిలాయి. మూలకు వేసిన సర్వీసులు అవుట్ అయ్యాయి. తిరిగొచ్చాక ఆ అన్న నెల రోజులు బంతి ముట్టుకోలేదు. "నా చెయ్యి పోయిందిరా" అనేవాడు.

తర్వాత పీఈటీ సారు టేపు తెచ్చి మన కోర్టు కొలిపించారు. నెట్టు మధ్యలో జానెడు కిందికి వేలాడుతోంది. కోర్టు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మనం అడుగులేసి కొలిచి వేసిన కోర్టు అది. తప్పు అన్న చేతిది కాదు, మన కొలతది. అందుకే ఈసారి కోర్టు సరిగ్గా వేయడం ఎలాగో సారును అడిగి తెలుసుకుని రాస్తున్నాను.

స్థలం: కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. చుట్టూ కనీసం 3 మీటర్లు ఖాళీ వదలాలి. అంటే మొత్తం 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు నేల కావాలి. పైన కూడా 7 మీటర్ల ఎత్తు దాకా కొమ్మలు అడ్డం ఉండకూడదు. కాబట్టి చింతచెట్టు కింద పనికిరాదు. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టుకుంటే పొద్దున, సాయంత్రం ఎండ ఎవరి కళ్లల్లోనూ నేరుగా కొట్టదు. నేల చదునుగా ఉండాలి. వాన నీరు పోవడానికి మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు ఉంటే చాలు. గులకరాళ్లు ఏరెయ్యాలి, లేదంటే మోకాళ్లు మనవే పగిలేది!

మూల మట్టం: లెక్కల సారు చెప్పిన పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. ఒక మూలలో మేకు కొట్టండి. అక్కణ్నుంచి పొడవు వైపు తాడు లాగి 8 మీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. వెడల్పు వైపు ఇంకో తాడు లాగి 6 మీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. ఈ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 10 మీటర్లు రావాలి. రాకపోతే వచ్చేదాకా రెండో తాడును అటూ ఇటూ జరపాలి. వచ్చిందంటే అది లంబకోణం. తాడు వదులుగా పట్టుకుంటే కొలత తప్పుతుంది, బిగించి పట్టుకోవాలి.

నాలుగు మూలలూ అయ్యాక ఎదురెదురు మూలల మధ్య కొలవండి. రెండు కొలతలూ సమానంగా, 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావాలి. మన పాత కోర్టులో ఒకటి ఇంకోదాని కంటే అర మీటరు ఎక్కువ వచ్చింది. మూలకు వేసిన సర్వీసులు ఎందుకు పోయాయో ఇప్పుడు తెలిసిందా?

గీతలు: గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. 18, 9 మీటర్లు అనేవి గీత బయటి అంచు దాకా లెక్క. అంటే గీత కూడా కోర్టులో భాగమే, బంతి గీతకు తగిలినా లోపలే. సరిగ్గా 9 మీటర్ల దగ్గర మధ్య గీత. దానికి రెండు వైపులా 3 మీటర్ల దూరంలో అటాక్ గీతలు. సున్నం పోసేటప్పుడు తాడు వెంబడే పోయాలి, కళ్లల్లో పడకుండా చూసుకోవాలి.

స్తంభాలు: పక్క గీతలకు అర మీటరు నుంచి ఒక మీటరు దూరంలో, కోర్టు బయట పాతాలి. నేల పైన 2.55 మీటర్ల ఎత్తు ఉండాలి. స్తంభం నున్నగా ఉండాలి, మేకులు పొడుచుకు రాకూడదు. మనం ఇన్నాళ్లూ స్తంభాలకు తీగలు లాగి కట్టాం. అది నిబంధనలకు విరుద్ధం, పరిగెత్తేటప్పుడు కాళ్లకు తగిలి పడతాం కూడా. తీగ లేకుండా స్తంభం వంగకూడదంటే గొయ్యి లోతుగా తీసి, రాళ్లు దిమ్మెస కొట్టి, సిమెంటు పోయాలి.

నెట్టు: పెద్దల ఆటలో మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. చిన్న తరగతుల వాళ్లకు పోటీ పెట్టేవాళ్లు ఎంత చెబితే అంత, ముందే కనుక్కోవాలి. ఎత్తు నెట్టు మధ్యలో కొలవాలి. పక్క గీతల దగ్గర రెండు వైపులా ఒకేలా ఉండాలి, మధ్య కంటే 2 సెంటీమీటర్లకు మించి ఎక్కువ ఉండకూడదు. ఒక వెదురు కర్రకు గుర్తులు పెట్టి స్టోర్‌రూమ్‌లో ఉంచుకుందాం. రోజూ ఆటకు ముందు దాంతో కొలిచి, నెట్టు బిగించుకోవాలి. ఆట అయ్యాక విప్పి లోపల పెట్టాలి. వానలో వదిలేస్తే తాళ్లు పాడై మళ్లీ వేలాడుతుంది.

బంతి: చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు. వంటశాల తూకంలో పెట్టి చూడొచ్చు. తడిసిన బంతి బరువెక్కుతుంది, వేళ్లు బెణుకుతాయి.

ఈ ఆటను 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ అనే ఆయన కనిపెట్టారు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. ఎక్కడ ఆడినా కోర్టు కొలత ఇదే. అందుకే ఇక్కడ సరైన కోర్టులో నేర్చుకున్నవాడు ఎక్కడికెళ్లినా తడబడడు.

వార్డెన్ సారుకు మా మనవి: సిమెంటు ఒక బస్తా, సున్నం ఒక బస్తా ఇప్పించండి. గోతులు మేమే తవ్వుతాం. మిత్రులారా, ఆదివారం టిఫిన్ అయ్యాక పారలు, గంపలు పట్టుకుని రండి. టేపు ఒక చివర పట్టుకునేది ఆ అన్నే. ఒప్పించాను.

– 9వ తరగతి విద్యార్థి