కూతురు పేరున ఒక మొక్క.. ఊరంతా వనం

ఆడపిల్ల పుట్టిందంటే మొహం చిన్నబుచ్చుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రెండెకరాల రైతుకైతే కట్నం, పెళ్లి ఖర్చు ఆరోజే కళ్లముందు కదులుతాయి. రాజస్థాన్‌లోని ఒక ఊళ్లో మాత్రం ఆడపిల్ల పుడితే ఊరంతా కలిసి 111 మొక్కలు నాటుతారు. ఈ ఆనవాయితీ వెనక ఒక తండ్రి కడుపుకోత ఉంది.

ఆ ఊరు రాజసమంద్ జిల్లాలోని పిప్లాంత్రి. చుట్టూ పాలరాయి క్వారీలు. రాయి తీసిన కొద్దీ గుట్టలు బోడివయ్యాయి. బావులు అడుగంటాయి. 2005లో శ్యాంసుందర్ పాలీవాల్ అక్కడ సర్పంచ్ అయ్యారు. కొద్దికాలానికే ఎదిగిన కూతురు కిరణ్ ఒంట్లో నీరు తగ్గిపోయి చనిపోయింది. బిడ్డ గుర్తుగా ఆయన ఒక కదంబం మొక్క నాటారు. అక్కడితో ఆగలేదు. ఊళ్లో పుట్టే ప్రతి ఆడపిల్ల పేరునా మొక్కలు పెట్టాలని ఊరివాళ్లను ఒప్పించారు.

కాగితం మీద రాసివ్వాలి

మొక్కలతో పాటు పిల్ల పేరున డబ్బు కూడా వేస్తారు. ఊరివాళ్లు పోగుచేసిన రూ. 21 వేలు, కన్నవాళ్లిచ్చే రూ. 10 వేలు కలిపి బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేస్తారు. పిల్ల పెద్దయ్యేదాకా దాన్ని కదపకూడదు. పిల్లను చదివిస్తామని, ఈడు రాకుండా పెళ్లి చేయమని, మొక్కలను సాకుతామని కన్నవాళ్లు రాసివ్వాలి. ఊళ్లో ఎవరైనా చనిపోతే వాళ్ల పేరున 11 మొక్కలు నాటుతారు.

పెట్టడం కాదు, బతికించడం

నారు పోసినవాడే నీరు పోస్తాడని వదిలేస్తే ఆ ఎండల్లో ఒక్క మొక్కా మిగిలేది కాదు. వేప, మామిడి, ఉసిరి, సిస్సూ మొక్కలకు చెద పట్టకుండా చుట్టూ కలబంద వేశారు. ఆ కలబందతో రసం, జెల్ చేసి అమ్మి ఆడవాళ్లు నాలుగు రూపాయలు సంపాదిస్తున్నారు. వాన నీరు పారిపోకుండా చెక్‌డ్యాములు కట్టి, కందకాలు తవ్వారు. రాఖీ పండుగకు ఆడపిల్లలు చెట్లకే రాఖీలు కడతారు. పాలీవాల్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది.

మన దగ్గర మొక్కలు పెట్టడానికి కొదవ లేదు. వానాకాలంలో పెడతాం, సంక్రాంతికి చూస్తే పుల్ల మిగలదు. ఎందుకంటే ఆ మొక్క ఎవరిదీ కాదు. పిప్లాంత్రిలో ప్రతి మొక్కకూ ఒక పిల్ల పేరుంది. పేరు పెట్టుకున్న మొక్కను ఎవరు ఎండబెట్టుకుంటారు?

మనమేం చేయొచ్చు?

111 మొక్కలకు మనకు చోటెక్కడిది అనొద్దు. గట్టు మీద అయిదు పెట్టినా చాలు. ఎండాకాలంలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంట తీసి ఎండనివ్వాలి. పైమట్టిలో తట్టెడు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. తొలకరి వానలు బాగా పడ్డాక మొక్క నాటి, ఊతకర్ర కట్టి, చుట్టూ కంప వేయాలి. మొదటి రెండు వేసవులూ కడవతోనైనా నీళ్లు పోయాలి. చెట్టు నీడ పక్క చేలో పడుతుందేమో, ఆ రైతుతో ముందే ఒక మాట అనుకోండి.

డబ్బు సంగతికి పోస్టాఫీసుల్లో 2015 నుంచి సుకన్య సమృద్ధి ఖాతా ఉంది. పదేళ్ల లోపు ఆడపిల్ల పేరున తెరవొచ్చు. ఏడాదికి కనీసం రూ. 250 కట్టాలి.

బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. ఆ దుఃఖం తీర్చేవాళ్లు లేరు. సంవత్సరీకం నాడు పెట్టే భోజనాల ఖర్చులో కాస్త మిగిల్చి, ఆ బిడ్డ పేరున బడి దగ్గరో చెరువు కట్ట మీదో ఒక మొక్క నాటి చూడండి. నీళ్లు పోసిన రోజల్లా ఆ పేరు నోట్లో ఆడుతుంది. పదేళ్లకు ఆ నీడన కూర్చున్నవాళ్లూ అదే పేరు చెప్పుకుంటారు.