రానున్నవాడి కోసం

వానలు వెనకబడ్డప్పుడల్లా మా ఊళ్లో పెద్దవాళ్లు "వీరభోగ వసంతరాయలు వచ్చే రోజులు దగ్గరపడ్డాయిరా" అంటూంటారు. వీరబ్రహ్మంగారే ఆ పేరుతో మళ్లీ వస్తారని కాలజ్ఞానం మాట. ఇది మన వైపు నమ్మకమే అనుకునేవాణ్ణి. చదివి చూస్తే ప్రపంచమంతా ఎవరో ఒకరి కోసం కాచుకునే ఉంది.

కలియుగాంతంలో కల్కి గుర్రమెక్కి వస్తాడని మన పురాణాలు చెబుతాయి. బౌద్ధులకు మైత్రేయుడు, పార్సీలకు సవోష్యంత్, యూదులకు దావీదు వంశపు మెస్సయ్య రావలసి ఉంది. వీరంతా ఇకముందు వచ్చేవారు. క్రైస్తవులు ఎదురుచూసేది మాత్రం ఒకసారి వచ్చి వెళ్లిన ఏసు కోసం. ముస్లిములు మహదీ వస్తాడంటారు. షియాల్లో అధికులు 9వ శతాబ్దంలో కనుమరుగైన పన్నెండవ ఇమామే ఆ మహదీ అని నమ్ముతారు. పేర్లు వేరైనా ఆశ ఒక్కటే: అన్యాయం పెచ్చుమీరినప్పుడు ఒకడొచ్చి లోకాన్ని చక్కబెడతాడని.

చిక్కల్లా తేదీ పెట్టడంతోనే వస్తుంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బైబిలు లెక్కలు కట్టి క్రీస్తు రాక దగ్గరపడిందన్నాడు. చివరికి 1844 అక్టోబరు 22 అని తేదీ ఖాయమైంది. కొందరు రైతులు చేతికొచ్చిన పంట కూడా తియ్యకుండా వదిలేశారు. ఆ రోజు వచ్చింది, వెళ్లింది. క్రీస్తు రాలేదు.

రైతుబిడ్డను కనుక నాకు ఆ తియ్యని పంటే కళ్లల్లో మెదులుతుంది. ఆశ తప్పని నేననను. మా నాన్న కూడా తొలకరి మీద ఆశతోనే బతుకుతాడు. అయితే ఆకాశం వంక చూస్తూ కూర్చోడు. వేసవిలోనే దుక్కి దున్ని, విత్తనాలు బాగుచేసి ఉంచుకుంటాడు. మిత్రులారా, ఎదురుచూపంటే అలా ఉండాలి.