మండుటెండలో చలి ప్రయాణం

2021 మే 21వ తేదీన బెంగుళూరు శివార్లలోని వైట్‌ఫీల్డ్ కంటైనర్ల డిపోకు ఒక గూడ్సు రైలు వచ్చి ఆగింది. తమిళనాడులోని జోలార్‌పేట నుంచి దానిని నడిపించి తెచ్చినవారు స్త్రీలు. 125 కిలోమీటర్ల ఆ దూరాన్ని గంటన్నరలో దాటించిన ఇంజను డ్రైవరు శిరీష గజిని, ఆ నెలాఖరున ‘మన్ కీ బాత్’ రేడియో కార్యక్రమంలో ప్రధానమంత్రితో మాట్లాడటంతో ఆమె పేరు దేశమంతటా వినిపించింది. రైలు బయలుదేరింది మాత్రం ఎంతో ఉత్తరాన, జంషెడ్‌పూర్ పక్కన ఉన్న టాటానగర్ స్టేషనులో. అందులో వచ్చిన సరకు 120 టన్నుల ద్రవ ఆక్సిజన్. కోవిడ్ రెండవ ఉప్పెనలో ఊపిరి కోసం తపించిపోతున్న ఆసుపత్రులకు అది ప్రాణవాయువు.

ఆ రోజులలో అందరి దృష్టీ రైలు వేగం మీదనే నిలిచింది. అంతకంటే విచిత్రమైన సంగతి ఆ టాంకుల లోపల ఉన్నది. ఆక్సిజన్ ద్రవంగా నిలవాలంటే సున్నాకు 183 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన ఉండాలి. బయట చూస్తే మే నెల ఎండ. పట్టాలు చెయ్యి పెట్టనివ్వవు. ఆ రెండింటికీ మధ్య ఉన్నది కొన్ని అంగుళాల ఎడం మాత్రమే. అయినప్పటికీ సరకు ద్రవంగానే బయలుదేరి ద్రవంగానే చేరింది. పైగా ఆ టాంకులకు చలిని పుట్టించే యంత్రమేదీ లేదు. ఒక టాంకులో మరొక టాంకు, రెండింటి నడుమ గాలిని తోడివేసిన శూన్యం: అంతే దాని రహస్యం. మన ఇళ్ళలో కాఫీ పోసుకునే ఫ్లాస్కు సూత్రమూ ఇదే. దానిని 1892లో రూపొందించిన జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త కాఫీ కోసం కాక, ద్రవీకరించిన వాయువులను నిలవ చేయడం కోసమే దానిని తయారుచేశాడు.

ఉక్కు పట్టణానికి ఇటువంటి చలి కొత్త వింత కాదు. కరిగిన ఇనుములోని కర్బనాన్ని కాల్చివేయడానికి ఉక్కు కొలిమికి ఆక్సిజన్ కావాలి. గాలిని చల్లార్చి, ద్రవంగా మార్చి, అందులోనుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే కర్మాగారాలు అందువల్లనే ఉక్కు కర్మాగారాల పక్కన వెలుస్తాయి. ఈ విద్యకు ఆద్యుడైన జర్మన్ ఆచార్యుడు కార్ల్ ఫన్ లిండే తొలుత 1870లలో మ్యూనిక్ నగరంలోని బీరు బట్టీలకు శీతల యంత్రాలు చేసి ఇచ్చినవాడు. 1895 నాటికి ఆయన గాలినే ద్రవంగా మార్చగలిగాడు. బీరును చల్లబరచబోయిన విద్య చివరకు ఉక్కును పండించే విద్య అయింది!

జంషెడ్‌పూర్‌కు ఖర్కాయ్ నది అడ్డు. నది దాటితే ఆదిత్యపూర్. లారీల విడిభాగాలు, పోతపనులు, రేకు పనులు చేసే వందల కర్మాగారాల పారిశ్రామిక వాడ అది. అక్కడి కార్మికులు సాయంత్రం పని దిగి బజారుకు వెళితే, చేపల బల్లల మీద కనిపించే రోహు, కట్లాలలో చాలా భాగం చుట్టుపక్కల నదులలో పుట్టినవి కావు. అవి కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెరిగి, ఆకివీడు, కైకలూరు, భీమవరం వైపుల నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీలో ప్రయాణం చేసి వచ్చినవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరాల క్రితమే ఉక్కు పనికి వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగువారు వాటిని శీలావతి, బొచ్చె అని గుర్తుపట్టి పలకరించగలరు. ఊరి చేపతో పోల్చి చెప్పేటప్పుడు బెంగాలీలు ఈ సరకును ‘చాలానీ’ చేప అంటారు. చలాను మీద వచ్చినదని దాని అర్థం. తెలుగు చెవికి అందులో చలి వినిపిస్తే తప్పు పట్టనక్కరలేదు. దాని ప్రాణమంతా చలిలోనే ఉన్నది.

ఒకే ఊరికి సంబంధించిన రెండు చలి ప్రయాణాలు ఇవి. ఒకటి ఊరి నుంచి దక్షిణానికి పోయినది, మరొకటి దక్షిణం నుంచి ఊరికి వచ్చేది. మొదటిదానికి 183 డిగ్రీల చలి కావాలి, అది దారి పొడుగునా చెక్కు చెదరలేదు. రెండవదానికి కావలసినది సున్నా డిగ్రీలు మాత్రమే. అది మాత్రం అడుగడుగునా అదృష్టం మీద ఆధారపడి ఉన్నది.

చేపల లారీలో శీతల యంత్రం ఉండటం అరుదు. చెరువు గట్టున పట్టిన చేపను అక్కడికక్కడే పెట్టెలలో పేర్చి, పొరకు పొరకు నడుమ పొడి చేసిన ఐసు వేసి, మూత బిగించి పంపుతారు. వేసవిలో చేప ఎంత ఉంటే ఐసూ ఇంచుమించు అంత ఉండాలి. ఇది నాటు పద్ధతి అని తేలికగా తీసివేయరాదు. ఒక కిలో ఐసు కరగడానికి 80 కిలోకేలరీల వేడిని తాగుతుంది. కరిగినంతసేపూ దాని ఉష్ణోగ్రత సున్నా దగ్గరనే నిలుస్తుంది. అంటే చేప గడ్డకట్టదు, వేడెక్కదు. పెట్టెలో ఐసు మిగిలి ఉన్నంతవరకు ఏ మీటరూ, ఏ మీటా లేకుండానే చలి సమంగా అందుతుంది. కరిగిన నీరు చేపను ఎండిపోనివ్వదు, జిగటను కడిగివేస్తుంది. వేసవిలో పూటలో పాడయ్యే బొచ్చె, పట్టిన వెంటనే ఐసు పడితే సుమారు రెండు వారాలు తినదగినదిగా ఉండగలదు.

అయితే ఈ ఏర్పాటుకు ఒక గడువు ఉన్నది: ఐసు ఉన్నంతవరకే! ఘాటు రోడ్డులో లారీ నిలిచినా, టైరు పగిలినా, సరిహద్దు తనిఖీలో ఒక పగలు గడిచినా పెట్టెలోని మంచు నీరై జాతీయ రహదారి మీద కారిపోతుంది. అప్పుడు వ్యాపారికి రెండే దారులు: నష్టాన్ని దిగమింగడం, లేదా దానిని దాచిపెట్టడం. 2018లో దాచిపెట్టే దారి బయటపడింది. శవాలను నిలవ ఉంచడానికి వాడే ఫార్మలిన్‌ను చేపలకు పట్టిస్తున్నారన్న వార్తలతో పలు రాష్ట్రాలు ఉలిక్కిపడ్డాయి. ఆ జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ తదితర రాష్ట్రాల చేపల దిగుమతిని పది రోజులపాటు నిషేధించింది. నేరం చేసినవారిని సమర్థించనక్కరలేదు. కాని ఫార్మలిన్ చేయబోయిన పని ఏమిటి? దారిలో తెగిపోయిన చలి స్థానంలో తాను నిలబడటమే.

చలిని దూరం పంపడం ఈ దేశానికి నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1833 మే నెలలో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల ఐసుతో కలకత్తాకు బయలుదేరింది. గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన ఆ దిమ్మలు రంపపు పొట్టు పరుపులలో, నాలుగు నెలలపాటు, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి ప్రయాణం చేశాయి. సెప్టెంబరులో ఓడ హుగ్లీ చేరేసరికి ఇంకా 100 టన్నుల వరకు మిగిలే ఉన్నది. ఈ వ్యాపారాన్ని నడిపిన ఫ్రెడరిక్ ట్యూడర్ తరువాత బొంబాయికీ, మదరాసుకూ ఐసు పంపాడు. మదరాసు సముద్రతీరాన ఆ ఐసు నిలవకోసం కట్టిన గుండ్రని భవనంలోనే 1897లో స్వామి వివేకానంద విడిది చేశారు; అది ఇప్పుడు ఆయన స్మారక భవనం. ఐసు పోయి శతాబ్దం దాటినా, చుట్టుపక్కల పేటను ఐస్‌హౌస్ అనే పేరు వదలలేదు. 1870లలో యంత్రాల మీద ఐసు తయారు కావడం మొదలైన తరువాత ఓడల ఐసుకు గిరాకీ పోయింది.

యంత్రం వచ్చిన తరువాత చలి మనదేశంలో వేగంగానే వ్యాపించింది, కాని ఒక చోట కూర్చుని వ్యాపించింది. గంగా మైదానంలో బంగాళాదుంపకోసం పెద్ద పెద్ద శీతల గిడ్డంగులు లేచాయి. 1964లో ప్రభుత్వం వాటిని లైసెన్సుల అదుపులోకి తెచ్చి, 1997లో ఆ అదుపును ఎత్తివేసింది. తెలుగునాట ఇందుకు పేరుమోసినది గుంటూరు. మిరప యార్డు చుట్టూ అక్కడ వందకు పైగా శీతల గిడ్డంగులున్నాయి. మిర్చి బస్తా చల్లని చీకటిలో ఉంటే పురుగు పట్టదు, ఎరుపు చెడదు. అంతకంటే ముఖ్యం, ధర పడిపోయిన రోజున రైతు అమ్ముకోవలసిన అగత్యం తప్పుతుంది. గిడ్డంగి రసీదు మీద అప్పు పుట్టించుకుని, మంచి ధరకోసం కొన్ని నెలలు వేచి ఉండగలడు. చలి అక్కడ సరకునే కాక రైతు బేరాన్ని కూడా నిలబెడుతున్నది. 2023 నాటికి దేశంలో శీతల గిడ్డంగుల సంఖ్య 8 వేలు దాటింది.

మరి దారి సంగతి? జాతీయ శీతల గొలుసు అభివృద్ధి కేంద్రం 2015లో నాబార్డు సలహా సంస్థ చేత లెక్కలు తీయించింది. దేశ అవసరంతో పోల్చితే గిడ్డంగుల కొరత పదింట ఒక వంతు మాత్రమేనని తేలింది. కాని దాదాపు 62 వేల శీతల లారీలు కావలసి ఉండగా ఉన్నవి 9 వేలు. పొలం దగ్గర కాయను ఏరి, చల్లబరచి, పెట్టెలకెత్తే కేంద్రాలు 70 వేలు కావలసి ఉండగా ఉన్నవి అక్షరాలా 249! గొలుసు అని పేరు పెట్టుకున్నాము గాని, మన చేతిలో ఉన్నది రెండు చివరి కడియాలే.

అందుకు ఫలితం పంట నష్టం లెక్కలలో కనిపిస్తుంది. లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ 2015లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం కోత నుంచి కొట్టు వరకు జరిగే నష్టం టమాటాలో 12 శాతానికి పైగా, జామలో 16 శాతం దరిదాపు ఉన్నది. అదే పట్టికలో పాల నష్టం 1 శాతం లోపు. పాలు టమాటా కంటే త్వరగా చెడిపోయే వస్తువు అని ఇంటి ఇల్లాలిని అడిగినా చెప్పుతుంది. అయినా ఈ తేడా ఎందుకు?

పాల కథలో, పిండిన చోటి నుంచి ప్యాకెట్టు వరకు ఒకే యాజమాన్యం ఉంటుంది. పల్లెలో పోసిన పాలను 4 డిగ్రీలకు చల్లార్చే తొట్టి ఆ సహకార సంఘానిదో కంపెనీదో, టాంకరూ వారిదే, లేదా వారి మాట మీద నడిచేదే, డెయిరీ వారిదే. మధ్యలో విరిగితే ఆ నష్టం ఎవరిదో తేలిపోతుంది. 2020 మార్చిలో దేశమంతా స్తంభించినప్పుడు కూడా రేణిగుంట నుంచి ఢిల్లీకి ‘దూధ్ దురంతో’ రైలు, టాంకుకు 40 వేల లీటర్ల చొప్పున పాలను చల్లగా చేరవేయగలిగింది. భీమవరం రొయ్య కథా అంతే. అమెరికా వెళ్ళే రొయ్య సున్నాకు 18 డిగ్రీల దిగువన గడ్డకట్టి, విశాఖ రేవు మీదుగా సముద్రాలు దాటి, ఆ చలి తప్పకుండానే చేరుతుంది. తప్పితే కొనుగోలుదారు సరకును తిప్పి పంపుతాడు. ఆ పక్క చెరువులోనే పెరిగిన బొచ్చె మాత్రం ఐసు పెట్టెలో ఆదిత్యపూర్ దారి పడుతుంది. దానిని పట్టినది ఒకరు, కొన్నది ఒకరు, లారీ మరొకరిది, అమ్మేది ఇంకొకరు. ఎవరి మజిలీ వారు దాటించుకుంటే చాలు. ఆక్సిజన్ టాంకుకూ, చేప పెట్టెకూ నడుమ అసలు తేడా యంత్రానిది కాదు, పూచీది.

అయితే పూచీ ఒక్కటే చాలునా అంటే, చాలదు. లారీ కప్పు మీద అమర్చే శీతల యంత్రానికి ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ 1940లలో అమెరికాలో పేటెంటు పొందాడు. చిన్ననాడే తల్లిదండ్రులకు దూరమై, పెద్దగా చదువుకోకుండానే యంత్రవిద్య నేర్చిన నల్లజాతి మేధావి ఆయన. అక్కడి లారీలు నిడుపాటి రహదారుల మీద రెండు వైపులా సరకుతో తిరిగేవి. మన శీతల లారీ ఒక వైపు నిండుగా పోయి, తిరుగుదారిలో చాలాసార్లు ఖాళీగా వస్తుంది. చలికి కూడా డీజిలు కాలుతుంది. డీజిలు మిగుల్చుకోవాలని దారిలో యంత్రం ఆపివేసే డ్రైవరు ఉంటే, ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం లేనిచోట అతడిని పట్టుకునేవారు లేరు. పైగా ప్రతి కాయకూ తనదైన చలి ఒకటి ఉన్నది. బంగాళాదుంపకు హితమైన 3, 4 డిగ్రీలలో టమాటాను పెడితే అది చలి దెబ్బ తిని మెత్తబడి రుచి చెడుతుంది. దానికి 10 డిగ్రీలు దాటాలి. అరటికి, మామిడికి 13 డిగ్రీల ప్రాంతం. ఒకే లారీలో అన్నిటినీ కలిపి పంపుదామంటే కుదరదు. మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోయిన రోజున టమాటాలను రోడ్డు మీద పారబోసే రైతుకు, చలి లారీ అద్దె సరకు ఖరీదును మించినట్లు కనబడటంలో ఆశ్చర్యం లేదు.

ఇటీవల కొత్త రకం లారీలు కొన్ని వచ్చాయి. వాటి గోడలలో ఉప్పు ద్రావణం నింపిన పలకలుంటాయి. రాత్రివేళ కరెంటుతో ఆ పలకలను గడ్డకట్టించి, పగలంతా ఇంజను సహాయం లేకుండా ఆ చలితోనే సరకును తిప్పవచ్చు. పట్టణాలలో పాలు, ఐస్‌క్రీము పంచే బండ్లకు ఇది బాగా కుదిరింది. తరచి చూస్తే ఇది ట్యూడర్ దొర రంపపు పొట్టులో దాచిన ఐసు కిటుకే: చలిని దారిలో తయారు చేయకుండా, ముందే కూడబెట్టి వెంట తీసుకుపోవడం. ఆకివీడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పగలగొట్టే కూలీకి ఈ సూత్రం ఎవరూ బోధించనక్కరలేదు.

ఆదిత్యపూర్‌లో చీకటి పడేసరికి బేరాలు పలచబడతాయి. చేపలవాడు మిగిలిన శీలావతి మొప్ప ఎత్తి ఎరుపు చూసుకుంటాడు. పెట్టె అడుగున ఉన్న ఐసు ముక్కలను చేతితో పైకి తోడి, చేపల మీద పరచి, తడి గోనెపట్టా కప్పుతాడు. రేపటి పూటకు అది చాలుతుందో, లేక ఇంకొక దిమ్మ కొనవలసి వస్తుందో అతడు లెక్క వేసుకుంటూ ఉండగా, కరిగిన నీరు బల్ల కాలి వెంట జారి కాలువలో కలుస్తూ ఉంటుంది.