శుక్లం శస్త్రచికిత్స తరువాత పిల్లల చూపులో వచ్చే మార్పులు

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పిల్లల శుక్లం పెద్దల శుక్లం కంటే ఎలా భిన్నమో చెప్పగలుగుతారు.
• శస్త్రచికిత్స తరువాత చూపు మారడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• కుటుంబం, పాఠశాల తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం
ఆమదాలవలస దగ్గర పల్లెలో ఒక ఇంటిని ఊహించండి. తాతకూ, నాలుగేళ్ల మనవరాలికీ ఒకే ఏడాది శుక్లం ఆపరేషన్ జరిగింది. నెల తిరిగేసరికి తాత పేపరు చదువుతున్నాడు. మనవరాలు మాత్రం కళ్లద్దాలు పెట్టుకున్నా బొమ్మను ముఖానికి దగ్గరగా తెచ్చుకునే చూస్తోంది. ఆపరేషన్ పాడైందని ఇంట్లోవారు అనుకుని, కళ్లద్దాలు తీసి అటక మీద పెట్టేస్తే ఆ పాప చూపుకు నిజమైన నష్టం అప్పుడే మొదలవుతుంది.

2. చూడటం మెదడు నేర్చుకునే పని
తాత మెదడు చూడటం ఎప్పుడో నేర్చుకుంది. ఆపరేషన్ అడ్డును తొలగించింది, అంతే. పుట్టుకతోనే శుక్లం ఉన్న బిడ్డ మెదడుకు స్పష్టమైన బొమ్మ అందదు. అందువల్ల ఆ కంటికి సంబంధించిన నాడీ అనుసంధానాలు సరిగా ఏర్పడవు. ఈ స్థితిని ఆంబ్లియోపియా (మందదృష్టి) అంటారు. తొలి వయసులో కన్ను మూసి ఉంచితే మెదడు ఎలా మారుతుందో పిల్లికూనలపై పరిశోధించి చూపిన హ్యూబెల్, వీజెల్‌లకు 1981లో నోబెల్ బహుమతి లభించింది. పుట్టుకతో వచ్చిన దట్టమైన శుక్లాన్ని 6 నుంచి 8 వారాల వయసులోపు తొలగించాలని వైద్యులు చెప్పేది ఇందుకే.

అయితే ఆలస్యమైనంత మాత్రాన అంతా పోయినట్లు కాదు. మన దేశంలో ప్రాజెక్ట్ ప్రకాశ్ ద్వారా ఆలస్యంగా చూపు పొందిన 8–17 ఏళ్ల పిల్లలపై జరిగిన పరిశీలన 2011లో ప్రచురితమైంది. చేతితో తాకిన వస్తువును వారు మొదట కంటితో గుర్తుపట్టలేకపోయారు. కొద్ది రోజుల్లోనే ఆ నేర్పు పెరిగింది. చూపులో పూర్తి పదును రాకపోయినా మెదడు నేర్చుకుంటూనే ఉంటుంది.

3. పెరిగే కన్ను, మారే పవరు
నవజాత శిశువు కన్ను పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 23 దాటుతుంది. లోపల అమర్చిన కృత్రిమ కటకం మాత్రం పెరగదు. అందుకే చిన్నపిల్లలకు సాధారణంగా కొంత తక్కువ పవరు కటకం అమర్చి, మిగిలినది కళ్లద్దాలతో సరిచేస్తారు. కన్ను పెరిగేకొద్దీ ప్లస్ పవరు తగ్గుతుంది. తరువాత మైనస్ కూడా రావచ్చు. కళ్లద్దాలు మార్చవలసి రావడం ఆపరేషన్ వైఫల్యం కాదు. కృత్రిమ కటకం దూరానికీ దగ్గరకూ తనంతట సర్దుకోదు కాబట్టి చదివే వయసులో బైఫోకల్ అద్దాలు అవసరమవుతాయి.

4. గమనించవలసిన లక్షణాలు
పిల్లల్లో కటకం వెనుక పొర త్వరగా మసకబారవచ్చు. కొందరిలో ఏళ్ల తరువాత కూడా కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా (నీటికాసులు) రావచ్చు. కన్ను ఎర్రబడటం, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, కొత్తగా మెల్లకన్ను రావడం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించాలి.

5. ఇంటివారి పాత్ర
కళ్లద్దాలు రోజంతా ఉండాలి. ఒక కంటికే శుక్లం ఉంటే, మంచి కన్నును వైద్యుడు చెప్పినన్ని గంటలు ప్యాచ్‌తో మూసి, బలహీనమైన కంటికి పని చెప్పాలి. బిడ్డ ఏడుస్తుంది, పీకేస్తుంది; అయినా మానకూడదు. టీచరు ముందు బెంచీలో కూర్చోబెట్టాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే లోపాలలో పుట్టుశుక్లం ఒకటి. విశాఖపట్నంలో 2006 నుంచి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆవరణ ఉంది. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి వెళ్లవచ్చు. కానీ ప్రతి తనిఖీకీ ఒక రోజు కూలి పోతుంది. ఆపరేషన్‌కు వచ్చినవారు తరువాత రాకపోవడానికి ఇదొక కారణం. ఆశా కార్యకర్త, టీచరు గుర్తుచేయవలసింది ఇక్కడే.

6. సారాంశం
ఆపరేషన్ కంటికి దారి తెరుస్తుంది. కళ్లద్దాలు, ప్యాచ్, క్రమం తప్పని తనిఖీలు ఆ దారిలో బిడ్డను నడిపిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఆంబ్లియోపియా అంటే ఏమిటి?
2. శస్త్రచికిత్స తరువాత కళ్లద్దాల పవరు ఎందుకు మారుతుంది?
3. పై ఉదాహరణలోని కుటుంబానికి మీరు ఏ సలహా ఇస్తారు?