ఈమెయిలులో తెగిన లైను

కొన్నేళ్ళ క్రితం మా తెలుగు సంఘానికి వచ్చే ఈమెయిళ్ళను కార్యకర్తలకు పంచడానికి నేనొక చిన్న ప్రోగ్రాము రాశాను. సంఘం మెయిల్‌బాక్సు లోంచి ఉత్తరాలు తెచ్చుకోవడం, విషయాన్ని బట్టి తగినవాళ్ళకు పంపడం, అంతే దాని పని. ఇంట్లో నా కంప్యూటరు మీద పదిసార్లు పరీక్షించాను. ఎక్కడా తేడా రాలేదు.

ఆ ఆగస్టులో చదువుకోడానికి వస్తున్న ఒక కుర్రాడు, ఎయిర్‌పోర్టుకి ఎవరైనా రాగలరా అని రాశాడు. కాస్త పొడుగాటి ఉత్తరమే. మా కార్యకర్తకు చేరిన ప్రతిలో విమానం వచ్చే రోజు, వేళ ఉన్న లైను సగమే ఉంది. ఆయన వివరం అడుగుతూ జవాబు రాశారు గానీ, అప్పటికే అబ్బాయి విమానం ఎక్కేశాడు. కొత్త దేశంలో రెండు పెట్టెలు ముందు పెట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నాడు. తప్పు అచ్చంగా నా ప్రోగ్రాముదే. అదేమిటో చెబుతాను. ఈ వృత్తిలో ఉన్న మనవాళ్ళు చాలామంది ఒక్కసారైనా ఈ గోతిలో పడే ఉంటారు.

ఈమెయిలు సర్వర్లు మాట్లాడుకునేది లైన్లలో. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్.ఎం.టి.పి. ప్రోటోకాలులో ప్రతి ఆజ్ఞా ఒక లైను, ఉత్తరం కొన్ని లైన్ల వరస. మెయిల్‌బాక్సు లోంచి ఉత్తరాలు తెచ్చుకునే పాప్-3 కూడా అంతే. ప్రతి లైను చివరా 13, 10 అనే రెండు బైట్లుంటాయి. వాటి పేర్లు సి.ఆర్., ఎల్.ఎఫ్. ఇవి టెలిప్రింటర్ల నాటి ఆనవాళ్ళు: మొదటిది అచ్చు వేసే భాగాన్ని ఎడమ అంచుకు తెచ్చేది, రెండోది కాగితాన్ని ఒక వరస పైకి జరిపేది.

కానీ ఈ లైన్లను మోసుకొచ్చే టి.సి.పి.కి లైనంటే ఏమిటో తెలియదు. పంపిన బైట్లను పంపిన క్రమంలో చేర్చడం వరకే దాని పూచీ. ఒక్కో విడతకు ఎన్నేసి చేరతాయో అది చెప్పదు. కుళాయి నీళ్ళు బిందెల లెక్కన రావు కదా, బిందె పట్టుకోవలసింది మనమే. ఈథర్‌నెట్ మీద పాకెట్టుకు 1500 బైట్లు. హెడర్లకు 40 పోతే మామూలుగా మిగిలేది 1460. కోత లైను మధ్యలోనే పడొచ్చు. నేనేమో ఒకసారి చదివితే వచ్చేవన్నీ పూర్తి లైన్లే అనుకుని, చివరి ఎల్.ఎఫ్. తరవాత మిగిలిన ముక్కను పారేశాను. ఇంట్లో పరీక్షకు వాడినవి ఒకే కంప్యూటరులో తిరిగిన పొట్టి ఉత్తరాలు. అవి ఎప్పుడూ ఒకే విడతలో వచ్చేవి, అందుకే లోపం బయటపడలేదు.

ఆ మిగులును పారెయ్యకుండా దాచే చోటే బఫరు. వచ్చిన బైట్లను బఫరు చివర చేర్చాలి. 13, 10 జంట దొరికితే అంతవరకూ ఒక లైనుగా తీసేసుకోవాలి. జంట దొరికినంతసేపూ ఇదే పని. మిగిలినది అక్కడే ఉంచి మళ్ళీ చదవాలి. వినడానికి ఇంతే, కానీ నాలుగు జాగ్రత్తలున్నాయి.

ఒకటి, 13 ఒక విడతలో, 10 తరవాతి విడతలో రావచ్చు. వెతకడం ఎప్పుడూ బఫరులోనే గాని, కొత్తగా వచ్చిన ముక్కలో కాదు.

రెండు, మన తెలుగు సంగతి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. 'స్త్రీ' అని రాస్తే 6 సంకేతాలు, 18 బైట్లు. ఒక విడతలో వచ్చినదాన్ని వెంటనే అక్షరాలుగా మారిస్తే తెగినచోట పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు బైట్లుగానే లైను విడదీసి, తరవాత అక్షరాలు చెయ్యాలి. యూటీఎఫ్-8 తెలుగు సంకేతాల లోపల 13, 10 ఎప్పుడూ రావు కనుక ఇది నిర్భయంగా చెయ్యొచ్చు.

మూడు, హద్దు. ఎస్.ఎం.టి.పి.లో ఉత్తరపు లైను చివరి రెండు బైట్లతో కలిపి 1000 బైట్లు మించకూడదు. లైను ముగించకుండా పంపుతూనే ఉండేవాడు తగిలితే, హద్దులేని బఫరు మన మెమరీనంతా మింగేస్తుంది.

నాలుగు, చుక్క. ఒంటరి చుక్క ఉన్న లైను వస్తే ఉత్తరం అయిపోయినట్టు. అందుకే ఉత్తరంలో ఏ లైనైనా చుక్కతో మొదలైతే పంపేవారు ఇంకో చుక్క చేరుస్తారు, అందుకునేవారు తీసేస్తారు. ఇక్కడ ఉదారత పనికిరాదు. ఒట్టి 10 కూడా లైను ముగింపేలే అని కొన్ని సర్వర్లు ఒప్పుకోవడం, కొన్ని ఒప్పుకోకపోవడం వల్ల, ఒక ఉత్తరం కడుపులో ఇంకో దొంగ ఉత్తరాన్ని దాచి పంపొచ్చని 2023 డిసెంబరులో భద్రతా పరిశోధకులు చూపించారు. 'ఎస్.ఎం.టి.పి. స్మగ్లింగ్' అని దానికి పేరు. తరవాత సర్వరు తయారీదార్లు పలువురు సవరణలు విడుదల చెయ్యవలసి వచ్చింది.

ఇప్పుడు నేను ఇలాంటిదేది రాసినా పరీక్ష ఒక్కటే: అదే ఉత్తరాన్ని ఒక్కొక్క బైటు చొప్పున అందిస్తాను. ఒకేసారి మొత్తం ఇచ్చినప్పుడూ, బైటు బైటుగా ఇచ్చినప్పుడూ ఫలితం ఒక్కటే కావాలి. ఈ పరీక్ష రాయడానికి పది నిమిషాలు చాలు. అప్పుడే ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే ఆ అబ్బాయికి నాలుగు గంటలు మిగిలేవి.